కారులో క్రొత్త సెట్టు, పాత ఆంప్లిఫయరు

రేడియో ఇంటి వసారానుండి కారులోనికి ప్రవేశించి దాదాపు నూరేండ్లు కావచ్చినది. 1930లో అమెరికాలోని గాల్విన్ సంస్థ ‘మోటరోలా’ అను పేరుతో కారు రేడియోను అమ్మజొచ్చినది. నాడు అది శ్రీమంతుల వేడుక. నేడు తిరుపతినుండి చిత్తూరునకో మదనపల్లెకో పోవు సామాన్య కుటుంబపు కారులో సైతము పాటల సెట్టు ఉండుట పరిపాటి.

కారు ఇంకను చక్కగా నడచుచుండగనే సెట్టు పాతబడును. తెర వెలుగదు; చేతి ఫోను దానితో కలియదు. యజమాని క్రొత్త సెట్టు పెట్టింప దలచును. అప్పుడు తరచుగా వినవచ్చు సలహా ఒకటి కలదు: “ఆ పాత ఆంప్లిఫయరుతో పనిలేదు. తీగెలు కత్తిరించి స్పీకర్లను సెట్టుకే తిన్నగా కలిపెదము.” ఈ సలహా వినుటకు సులభము. దాని మంచిచెడ్డలను ఇపుడు విచారింతము.

కంటి కెదురుగా నుండు సెట్టు స్టేషనును పట్టును, పాటను ఎన్నుకొనును. ఆంప్లిఫయరు, అనగా ధ్వనివర్ధకము, ఆ సన్నని విద్యుత్ సంకేతమునకు బలము నొసగి స్పీకర్లను కదలించును. పెక్కు కార్లలో ఈ రెండు పనులను ఒకే పెట్టె చేయును. మేలురకపు కార్లు కొన్నింట ఆంప్లిఫయరు వేరుగా సీటు క్రిందనో డిక్కీలోనో అమర్చబడి యుండును. మన చిత్తూరు సీమ మహాభారత ఉత్సవములలో హరికథ చెప్పు భాగవతారు మారినను మైకుసెట్టు మారనక్కర లేదు గదా! కారులోను అంతియే.

ఆంప్లిఫయరును నిలుపుకొనుటకు బలమైన కారణము కలదు. ఒక బెంగాలీ వలసదారుని కుమారుడగు అమర్ బోస్ స్థాపించిన సంస్థ, జనరల్ మోటార్సు వారితో కూడి, 1983 మోడలు కార్లకొరకు ఒక క్రొత్త పద్ధతిని తెచ్చినది. కారు లోపలి ఆకృతిని, అద్దములను, సీట్లను గమనించి, ఆ కారునకే తగినట్లు ధ్వనిని సవరించుట ఆ పద్ధతి. అది నేడు రాయలసీమకును వచ్చినది. పెనుకొండ చెంత కియా కర్మాగారమునుండి 2019లో వెలువడిన సెల్టోస్ కార్లలో పైతరగతి వానికి ఎనిమిది స్పీకర్ల బోస్ అమరిక నిచ్చిరి. ఇట్టి అమరికలలో ఆంప్లిఫయరును స్పీకర్లను ఒకదానికొకటి సరిపడునట్లు చేయుదురు.

సాధారణముగా సెట్లు నాలుగు ఓముల స్పీకర్లకై చేయబడినవి. కంపెనీ అమరికలు కొన్నింట స్పీకర్లు రెండు ఓములో, అంతకు తక్కువో ఉండును. నిరోధము సగమైనచో ప్రవాహము రెట్టింపగును. అట్టి స్పీకరును సెట్టుకు తిన్నగా తగిలించినచో సెట్టు వేడెక్కి చెడిపోవచ్చును. పెట్టెపై ‘50 వాట్లు, నాలుగు’ అని అచ్చువేసిన అంకెను చూచి మురియరాదు. కారు విద్యుత్తు సుమారు 14 వోల్టులే. దానితో నాలుగు ఓముల స్పీకరునకు స్పష్టమైన ధ్వని నిచ్చు బలము ఇంచుమించు ఇరువది వాట్లే. 50 అనునది ధ్వని పూర్తిగా వికృతమైనప్పటి లెక్క.

కావున క్రొత్త సెట్టును పాత ఆంప్లిఫయరుతో కలుపుటయే మేలు. అందుకు మూడు విషయములు కుదురవలెను.

మొదటిది సంకేతపు బలము. సెట్టు వెనుక స్పీకరు తీగెలు గాక, సన్నని సంకేతమునకై వేరుగా ఆర్.సీ.ఏ. మొనలుండును, వానిపై రెండు మొదలు ఐదు వోల్టులవరకు వచ్చును. ఆంప్లిఫయరు కోరునది ఇదియో, స్పీకరు తీగెల బలమైన సంకేతమో ముందుగా తెలిసికొనవలెను. రెండింటికి పొత్తు కుదరనిచోట నడుమ తగిన అడాప్టరు నుంచవలెను. స్పీకరు ఋణపు తీగెను కారు ఇనుమునకు ఎన్నడును తాకింపరాదు.

రెండవది మేలుకొలుపు తీగె. సెట్టు వేసినపుడు ఆంప్లిఫయరు లేవవలెను, ఆపినపుడు నిద్రింపవలెను. క్రొత్త సెట్లలో ఈ తీగె సాధారణముగా నీలిపై తెల్లని చారతో నుండును. దీనిని కలుపకున్న శబ్దమే రాదు. దానికి మారుగా బ్యాటరీకి తిన్నగా కలిపినచో ఆంప్లిఫయరు రాత్రియంతయు మేలుకొనియుండును. అది గంటకు ఒక ఆంపియరు చొప్పున త్రాగినను, 40 ఆంపియర్-గంటల బ్యాటరీ రెండు దినములలో ఖాళీ యగును. కరకంబాడి అమరరాజా వారి వంటి బ్యాటరీ కర్మాగారము మన ముంగిట నున్నను, ఇట్టి దుబారాకు ఏ బ్యాటరీయు తాళదు.

మూడవది భాష. 1986లో బాష్ సంస్థ వెలువరించిన క్యాన్ అను పద్ధతిని అనుసరించి, నేటి కార్లలోని యంత్రభాగములు ఒకదానితోనొకటి అంకెల రూపమున మాటలాడుకొనును. కొన్ని ఆంప్లిఫయర్లు ఆ ఆజ్ఞ అందనిదే లేవవు. వానికి ఆ భాష నెరిగిన ఇంటర్‌ఫేస్ పెట్టె కావలెను. తీగె కలిపినంతమాత్రమున చాలదు.

ఇది కేవలము పాటల ముచ్చట కాదు. కొన్ని కార్లలో సీటుబెల్టు హెచ్చరిక, వెనుకకు నడుపునప్పటి సంజ్ఞ ఈ ఆంప్లిఫయరుగుండనే వచ్చును. 1944లో ఏర్పడిన తిరుమల తొలి ఘాట్ రోడ్డు మలుపులలో దిగు కారునకు ఏ హెచ్చరికయు మూగబోరాదు. పసుపుపచ్చని తొడుగుగల తీగెలు సాధారణముగా ఎయిర్‌బ్యాగువి, వానిని ముట్టరాదు. పని ఆరంభింపక మునుపే బ్యాటరీ ఋణపు కొనను విప్పవలెను. కత్తెరకు బదులు ఆ కారు మోడలునకు సరిపడు కనెక్టరును కొనుట ఉత్తమము. అట్లు చేసినచో ఎప్పుడైనను పాత సెట్టును తిరిగి యథాస్థానమున పెట్టవచ్చును.

పని ముగిసిన పిదప పెద్ద పాట పెట్టి సంతసింపకుడు. మేము దినదినము శబ్దముతో పనిచేయువారము. మా మాట వినుడు. రేడియోలో వార్తలు చదువు గొంతును పెట్టుడు. అది ముందుభాగమున ఒకచోటనుండి నిండుగా వినబడవలెను. గొంతు పలుచనై, ఎచ్చటనుండి వచ్చునో తెలియకున్నచో ఒక స్పీకరు తీగెలు తారుమారైనవని అనుమానింపవచ్చును. ఇంజను వేగముతో పాటు ఈలవంటి రొద హెచ్చినచో భూమి తీగె కుదరలేదేమో చూడవలెను. ఘాట్ రోడ్డులో కొండ అడ్డమైనపుడు మాత్రమే ఎఫ్.ఎం. తప్పిపోయినచో అది సెట్టు దోషము కాదు. ఈ పరీక్షలన్నియు దుకాణము ముంగిటనే చేసి, అటుపిమ్మట రుసుము చెల్లింపుడు.