నాడి చెప్పే మాట
(సంఘ వార్షిక సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అది సముద్రమంత విషయం. అందులోనుంచి ఒక్క సంగతే తీసుకుంటాను. మన ఒంట్లోని ధమనులు ఎంత బిరుసెక్కాయో, కత్తి పెట్టకుండా, సూది గుచ్చకుండా తెలుసుకోవడం ఎలా? తెలుసుకున్నాక చేయవలసిందేమిటి?

పరీక్ష అనగానే మనవాళ్ళు చాలామంది వెనకాడతారు. రక్తం తీస్తారు, గొట్టం వేస్తారు, చివరికి ఆపరేషన్ అంటారు అని భయం. ఆడవాళ్ళయితే పరదా సంగతీ, ఖర్చు సంగతీ ఆలోచించి బాధను లోపలే దాచుకుంటారు. నేను చెప్పబోయే వాటిలో ముఖ్యమైన పరీక్షలకు చేతికో కాలికో పట్టీ చుట్టడమే పని. మహిళా నర్సు చేత చేయించుకోవచ్చు.

నాడి చూడటం మనకు కొత్త కాదు. ఇబ్న్ సీనా సుమారు 1025లో పూర్తిచేసిన 'అల్ ఖానూన్' గ్రంథంలో నాడిని పది లక్షణాలుగా విడదీసి చూడమన్నాడు. అందులో ఒకటి, నాళం వేలికి మెత్తగా తగులుతోందా, గట్టిగా తగులుతోందా అన్నది. యునానీ హకీములు నబ్జ్ పట్టుకుని చూసేది ఇదే. తర్వాత ఫ్రాన్సులో మారే అనే శాస్త్రజ్ఞుడు 1860లో నాడి కదలికను గీతగా గీసే యంత్రాన్ని తయారుచేశాడు. ఇటలీలో రీవా రోచీ 1896లో చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచాడు. రష్యా వైద్యుడు కొరొత్కోవ్ 1905లో స్టెతస్కోపు పెట్టి పై అంకెనూ కింది అంకెనూ వినే పద్ధతి చెప్పాడు. హకీముగారి వేలికి తెలిసిన దాన్నే ఈనాటి యంత్రాలు అంకెల్లో చెబుతున్నాయి.

అసలు ధమని బిరుసెక్కితే వచ్చే నష్టమేమిటి? గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని ఆరోగ్యంగా ఉన్నప్పుడు రబ్బరులా సాగుతుంది. గుండె కొట్టినప్పుడు సాగి కొంత రక్తాన్ని తనలో దాచుకుంటుంది. గుండె విరామం తీసుకునేటప్పుడు ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు తోస్తుంది. అందువల్ల మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం దెబ్బలు దెబ్బలుగా కాక నెమ్మదిగా అందుతుంది. వయసువల్ల, రక్తపోటువల్ల, షుగర్ వ్యాధివల్ల, పొగవల్ల ఆ గోడలో సాగే గుణం తగ్గి బిరుసు పెరుగుతుంది. అప్పుడు గుండె కొట్టిన ప్రతి దెబ్బా సూటిగా సున్నితమైన చిన్న నాళాలమీద పడుతుంది.

ఈ బిరుసును కొలవడానికి ప్రామాణికమైన పరీక్ష నాడి అల వేగం చూడటం. గుండె కొట్టగానే ధమని గోడ వెంబడి ఒక అల పరుగెడుతుంది. మెత్తని గోడలో అది నిదానంగా, బిరుసు గోడలో వేగంగా పోతుంది. మెడ దగ్గర ఒకచోట, గజ్జ దగ్గర ఒకచోట చర్మంమీద చిన్న పరికరం ఆనించి, అల రెండుచోట్లకూ చేరిన సమయంలో తేడా చూస్తారు. టేపుతో దూరం కొలిచి లెక్కకడతారు. అరమీటరు దూరాన్ని సెకనులో ఇరవయ్యోవంతులో దాటితే వేగం సెకనుకు 10 మీటర్లు. ఆరోగ్యవంతులైన యువకుల్లో ఇది 6 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. 10 మీటర్లు దాటితే ధమనులు దెబ్బతిన్నట్టు లెక్క అని 2012లో యూరప్ నిపుణులు హద్దు పెట్టారు. ఐతే ఈ యంత్రం అన్ని ఊళ్ళలోనూ దొరకదు. దొరకలేదని దిగులు పడనక్కరలేదు. ఎందుకో చెబుతాను.

ప్రతి క్లినిక్కులోనూ ఉండే బి.పి. పట్టీ ఇదే సంగతిని కొంతవరకు చెబుతుంది. మన పెద్దల్లో ఒక మాట తరచు వింటాను: "పైది 170 ఉంది కానీ, కిందిది 70 ఉంది డాక్టరుగారూ, ఫరవాలేదుగదా?" అని. ఫరవా ఉంది! ఈ రెండింటి మధ్య తేడా 100. వయసు మళ్ళినవారిలో ఈ తేడా 60, అంతకు మించి ఉంటే ధమనులు బిరుసెక్కాయన్నదానికి అది ఒక గుర్తు. ముందుకు పోయిన అల శరీరం చివరిదాకా వెళ్ళి వెనక్కి కొడుతుంది. బిరుసు ధమనిలో అది మరీ త్వరగా తిరిగొచ్చి, గుండె ఇంకా రక్తం తోస్తుండగానే ఎదురుపడుతుంది. దాంతో పై అంకె పెరుగుతుంది, కింది అంకె పడిపోతుంది. గుండెకు తన సొంత ఆహారం ప్రధానంగా అందేది విరామ సమయంలోనే. కాబట్టి ఇలాంటివారిలో కింది అంకె తగ్గడం శుభవార్త అనుకోకూడదు. పై అంకె ఒక్కటే పెరిగినా వైద్యం చేయించుకోవలసిందే. లేకపోతే పక్షవాతం ఒకనాడు చెప్పాపెట్టకుండా వచ్చి ఇంటి పెద్దను మంచాన పడేస్తుంది.

రెండో పరీక్ష కాళ్ళది. మసీదుకో బజారుకో నడుస్తుంటే సగం దారిలో పిక్క పట్టేస్తుంది. కాసేపు నిలబడితే తగ్గుతుంది. మళ్ళీ నడిస్తే మళ్ళీ పడుతుంది. దీన్ని వాతం నొప్పి అనుకుని నూనె రాసుకుంటూ కాలం గడిపేస్తారు. అది కాలి ధమని మూసుకుపోతున్న లక్షణం కావచ్చు. చేతి దగ్గర, చీలమండ దగ్గర పై అంకెను డాప్లర్ అనే చిన్న పరికరంతో చూసి, కాలి అంకెను చేతి అంకెతో భాగిస్తారు. చేతిలో 140, కాలిలో 112 ఉంటే ఫలితం 0.80. అది 0.90, అంతకు తక్కువ ఉంటే కాలికి రక్తం సరిగా అందడం లేదని అర్థం. 1.40 దాటితే అదీ మంచిది కాదు. షుగర్ వ్యాధి చాలాకాలంగా ఉన్నవారిలో ధమని గోడలో సున్నం పేరుకుని, పట్టీ నొక్కినా నాళం అణగదు. అంకె బాగున్నట్టు కనబడి మోసం చేస్తుంది. అలాంటివారికి కాలి బొటనవేలి దగ్గర కొలవాలి. సమయానికి ఈ చిన్న లెక్క వేసుకుంటే, పుండుపడి కాలు తీసేసే పరిస్థితి రాకుండా చాలామందిని కాపాడుకోవచ్చు.

మరి రెండు పద్ధతులు క్లుప్తంగా. అల్ట్రాసౌండ్‌తో మెడ ధమనిలో కొవ్వు పేరుకుందేమో చూడవచ్చు. ముంజేతికి 5 నిమిషాలు పట్టీ బిగించి వదిలి, రక్తం పరుగెత్తినప్పుడు ధమని ఎంత విప్పారుతుందో చూసే పద్ధతి 1992 నుంచి పరిశోధనల్లో ఉంది. నాళపు లోపలి పొర నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును విడుదల చేస్తేనే అది విప్పారుతుంది. ఆ వాయువు చేసే పనిని కనిపెట్టిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగ తాగేవారిలో ఈ విప్పారే శక్తి ముందుగానే తగ్గుతుంది.

ఇక మన చేతుల్లో ఉన్నదేమిటి? బీడీ, సిగరెట్టు, జర్దా మానాలి. ఉప్పు మొత్తంమీద రోజుకు 5 గ్రాములు మించకూడదు. ఊరగాయ, అప్పడం, హలీము అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రోజూ అరగంట నడవాలి. షుగర్‌ను అదుపులో ఉంచుకోవాలి. రంజాన్‌లో ఉపవాసం పేరుతో బి.పి. మాత్రలు సొంతంగా మానేయడం ప్రమాదం. ఒక నెల ముందే డాక్టరును కలిస్తే, చాలామందికి మాత్రలను సహరీకి, ఇఫ్తారుకు సర్దవచ్చు.

బి.పి. చూపించుకునే ముందు అరగంట టీ, పొగ వద్దు. వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. చొక్కా చేయి పైకి లాగి బిగించకుండా విడిపించండి. మొదటిసారి రెండు చేతులకూ చూడమనండి. రెండింటి పై అంకెల మధ్య 15 మించి తేడా ఉంటే, మళ్ళీ చూపించి డాక్టరుతో మాట్లాడండి.

చివరగా సంఘానికి ఒక మనవి. వైద్య శిబిరంలో వచ్చినవారికి టానిక్కు సీసా ఇచ్చి పంపడంతో సరిపెట్టవద్దు. రెండు చేతుల బి.పి. చూసి, రెండంకెలూ వాటి మధ్య తేడా రాసిన కార్డు ప్రతి ఒక్కరి చేతికీ ఇద్దాం. షుగర్ ఉన్నవారికి, పొగ తాగేవారికి, 65 ఏళ్ళు దాటినవారికి కాలి పరీక్ష కూడా చేద్దాం. అందుకు కావలసింది అరచేతిలో ఇమిడే డాప్లర్ పరికరం ఒక్కటి, దాన్ని వాడటం నేర్చిన నర్సు ఒకరు. జకాత్ సొమ్ముతో దాన్ని కొనవచ్చా లేదా అన్న చర్చ అక్కరలేకుండా, మామూలు విరాళాలతోనే కొనవచ్చు. మహిళలకు వేరే గది, మహిళా నర్సు ఏర్పాటుచేస్తే మన అమ్మలూ అక్కలూ తప్పకుండా వస్తారు.

శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అమానతుకు లెక్క చూసుకోవడం మన విధి. వచ్చే ఏడాది ఇదే సభలో ఎన్ని కార్డులు రాశామో, ఎంతమందిని సకాలంలో వైద్యానికి పంపామో కార్యదర్శిగారు తమ నివేదికలో చదవాలని నా కోరిక. ఇన్షాఅల్లాహ్, అది జరుగుతుంది.