దారి హక్కు – నేల కోసం పోటీ

భారతదేశంలో భూమిని గురించిన చర్చ వచ్చినప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలే వినిపిస్తాయి: భూమి ఎవరిది? అందులో ఏమి పండుతుంది? ఆ భూమి మీదుగా ఎవరు నడుస్తున్నారు అనే మూడవ ప్రశ్న అరుదుగా వస్తుంది. కాని పరాయివారి పొలాల మీదుగా, ప్రభుత్వ అడవుల గుండా తరతరాలుగా నడుస్తూ బ్రతుకుతున్న ప్రజలు దేశమంతటా ఉన్నారు. వారికి నడక విహారం కాదు, జీవనాధారం.

తెలుగు పల్లెలలో ఈ విషయానికి సొంత పరిభాష ఉన్నది. పొలాల మధ్య బండ్లు నడిచే బాటను పుంత అంటారు. ఇరువైపులా చెట్టూ చేమా పెరిగిన దారి డొంక. తెలంగాణలో పశువుల మేతకు విడిచిన నేల బంచరాయి. గ్రామపటంలో గీసి ఉన్న దారి నక్షాబాట. రెవెన్యూ లెక్కలలో పుంతలు, డొంకలు పోరంబోకు కింద చేరుతాయి. పోరంబోకు అనగానే పనికిరాని నేల అని చాలామంది భావిస్తారు. నిజానికి అది శిస్తు లేకుండా ఊరి ఉమ్మడి అవసరాలకు విడిచిన నేల. పక్క పొలం రైతు ఏటా ఒక్కొక్క సాలు చొప్పున కలుపుకొంటూ పోతే, రెండు బండ్లు తప్పుకోగలిగిన పుంత కొన్నేళ్లకు గట్టుదారిగా మిగులుతుంది. దానికి ప్రత్యేకంగా యజమాని లేడు గనుక అడిగేవారూ ఉండరు. గొర్రెల మంద వచ్చినప్పుడో, శవయాత్ర బయలుదేరినప్పుడో గాని దారి పోయిన సంగతి ఊరికి తెలియదు.

ఈ నడక ఒక్క ఊరికి పరిమితమైనది కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని గద్దీ కాపరులు శీతకాలాన్ని శివాలిక్ కొండల దిగువన గడిపి, ఎండలు ముదిరే వేళకు మందలను తోలుకొని ధౌలాధార్ కనుమలు దాటుతారు. చంబా, లాహుల్ ప్రాంతాల ఎత్తైన పచ్చికలకు చేరుకొంటారు. మంచు కురవక ముందే మళ్లీ దిగివస్తారు. రాజస్థాన్‌లోని రాయికాలు మేత కరువైన నెలలలో పొరుగు రాష్ట్రాలకు కదులుతారు. దక్కను పీఠభూమిలో కురుమలు, గొల్లలు, ధంగర్లు కోతలు ముగిసిన చేల మీదుగా సాగిపోతారు. రైతు తన చేలో మంద కట్టించుకొని, ఎరువుకు ప్రతిగా ధాన్యమో డబ్బో ముట్టజెబుతాడు. భాష మారినా, రాష్ట్రం మారినా ఈ ఒప్పందం చెల్లుతూ వచ్చింది. దేశ సమైక్యతకు ఇటువంటి దారులు కూడా పునాదులే.

చట్టం ఈ హక్కును కాదనలేదు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక దారిని శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, ఆటంకం లేకుండా 20 ఏళ్లు అనుభవించినవారికి దానిపై హక్కు ఏర్పడుతుంది. ఆ నేల ప్రభుత్వానిదైతే గడువు 30 ఏళ్లు. 1927 నాటి అటవీ చట్టం 25వ సెక్షన్, రిజర్వు అడవిలోని దారిని మూసే అధికారం ఇస్తూనే, సదుపాయమైన మరొక దారి ముందే ఉండాలని, లేదా కల్పించాలని షరతు విధించింది. ఎంతో వివేకం గల నియమమిది. అయితే అదే చట్టం ప్రకారం, అడవిని రిజర్వు చేసేటప్పుడు పరిసర గ్రామాలలో ప్రకటన చేసి, మూడు నెలలకు తక్కువ కాని గడువులో హక్కులు కోరుకొమ్మన్నారు. కోరని హక్కు సాధారణంగా రద్దయ్యేది. ఏడాదికొకసారి ఆ మార్గాన సాగిపోయే కాపరికి ఆ ప్రకటన ఎలా చేరుతుంది?

అవసరాలు ఢీకొన్నప్పుడు ఏమి జరుగుతుందో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ చరిత్ర తెలుపుతుంది. అక్కడి కేవలాదేవ్ చిత్తడి నేల సంస్థానాధీశుల బాతుల వేటకు నెలవు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో పాల్గొన్న వేటలో ఒక్కరోజున 4,273 పక్షులు నేలకూలాయి. చుట్టుపక్కల గ్రామాల పశువులు చిరకాలంగా అక్కడ మేసేవి. 1981లో అది జాతీయ ఉద్యానవనమైంది. 1982లో మేతను నిషేధించారు. గ్రామస్థులు ప్రతిఘటించారు, పోలీసు కాల్పులలో ప్రాణాలు పోయాయి. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం శాస్త్రజ్ఞులు ఏళ్ల తరబడి సాగించిన అధ్యయనంలో ఊహించని ఫలితం బయటపడింది. గేదెల మేత ఆగిన తరువాత పాస్పాలం అనే గడ్డి మడుగులను కమ్మివేసి, పక్షులకు కావలసిన తెరపి నీటిని తగ్గించివేసింది. పక్షుల కోసం వెళ్లగొట్టిన గేదెలే అంతవరకు పక్షులకు మేలు చేస్తూ వచ్చాయి. అంతమాత్రాన ఎక్కడైనా, ఎంతైనా మేపవచ్చునని అర్థం కాదు. ఆ నేలను ఎరిగినవారిని సంప్రదించి ఉంటే, మేతకు హద్దులు నిర్ణయించే మార్గం ముందే దొరికి ఉండేది.

వేటనేలపై నడిచే హక్కు కోసం ఇంగ్లండులోనూ పోరాటం జరిగింది. 1932 ఏప్రిల్ 24న సుమారు 400 మంది, ఎక్కువగా యువ కార్మికులు, పక్షుల వేటకై ప్రత్యేకించిన కిండర్ స్కౌట్ కొండపైకి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 2000లో చేసిన చట్టం ఇంగ్లండు, వేల్స్‌లలో పటాలలో గుర్తించిన కొండలు, బీళ్లు, ఉమ్మడి భూములపై కాలినడకన తిరిగే హక్కు కల్పించింది. పక్షులు గుడ్లు పెట్టే కాలంలో కుక్కలను కట్టి నడిపించాలని ఆ చట్టమే నిర్దేశించింది. యజమాని సొత్తు యజమానికే ఉన్నది. బాటసారికి దారీ దొరికింది.

భారతదేశంలోనూ ఆ దిశగా కొన్ని అడుగులు పడ్డాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సంచార కాపరుల మేతను, ఋతువులను బట్టి వారు అడవిని వాడుకొనే ఆనవాయితీని సామూహిక హక్కులుగా గుర్తించింది. పంజాబ్‌లోని ఒక గ్రామపు చెరువు ఆక్రమణ కేసులో 2011లో సుప్రీంకోర్టు, ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు రూపొందించవలసిందిగా అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. 2024 డిసెంబరులో రాజస్థాన్‌లోని ఓరణ్‌లు, అనగా దేవతావనాలను సర్వే జరిపి పటాలలో గుర్తించమన్నది.

నేడు నేలను కోరుతున్నవి చెడ్డ పనులు కావు. రహదారి కావాలి, సౌరవిద్యుత్తు కావాలి, కొత్త అడవి కావాలి. అయితే సౌరఫలకాల చుట్టూ కంచె వేసినా, మొక్కలకు కందకం తవ్వినా, మందలు ఏ ఋతువులో ఎటు నడుస్తాయో ముందు అడిగి, మేరలు నిర్ణయించి, పటంలో గీయవలసి ఉన్నది. ఒక దారి మూస్తే మరొకటి చూపాలన్న నియమం 1927 నుంచి పుస్తకంలోనే ఉన్నది. కళాశాల విద్యార్థులు తమ ఊరి గ్రామపటాన్ని తెచ్చుకొని, అందులోని పుంతలు, డొంకలు నేలపై ఇంకా ఉన్నవో లేవో నడిచి చూడడం ఈ కృషికి మంచి ఆరంభం కాగలదు.