పట్టా చేతికొచ్చాక అడ్డగీత



మీరు లలితకళల్లో పట్టా పుచ్చుకుంటున్న ఈ పూట ఫాబియన్ వెర్దియే గురించి చెప్పుకోవడం సబబు. 1962లో పారిస్‌లో పుట్టిన ఈ చిత్రకారిణి టులూజ్ కళాశాలలో 1983లో చదువు ముగించారు. ఆ తర్వాత చైనా వెళ్లి, చోంగ్‌చింగ్‌లోని సిచువాన్ లలితకళా సంస్థలో మళ్లీ విద్యార్థినిగా చేరారు.

సిరా, కుంచెల పాత సంప్రదాయం తెలిసిన గురువులు అప్పటికి అక్కడ కొద్దిమందే. సాంస్కృతిక విప్లవం వాళ్ల నోళ్లు నొక్కేసింది. వాళ్లలో హువాంగ్ యువాన్ అనే పెద్దాయన్ని ఆమె పట్టు వదలకుండా బతిమాలారు. నేర్చుకుంటే పదేళ్లు, లేదంటే అసలు వద్దన్నది ఆయన షరతు. మొదటి పాఠం అడ్డగీత.

నెలల తరబడి అదే.

ఆ గీత గీసే సిరా అంటే దీపపు మసి, జిగురు, నీళ్లు. తాకీ తాకగానే కాగితం పీల్చేస్తుంది, దిద్దుకోవడానికి వీలుండదు. యాక్రిలిక్ రంగుల సంగతి వేరు. నీళ్లు ఆవిరయ్యాక రంగు ప్లాస్టిక్ పొరలా బిగుస్తుంది, మళ్లీ తడిపినా కరగదు. అందుకే పొర మీద పొర వేయొచ్చు. వెర్దియే ఈ రెండు పద్ధతులనూ ఒకే కాన్వాసు మీదికి తెచ్చారు. నేపథ్యానికి ఓపిగ్గా వేసిన పలచని పూతలు, వాటి మీద ఒక్క ఊపులో సాగిన గీత. అది అక్షరమూ కాదు, కొండ బొమ్మా కాదు. చెయ్యి వేగం, రంగు బరువు, ఎక్కడ ఆగిందో ఆ నిలకడ, అంతే.

అంత పెద్ద గీతకు మామూలు కుంచె చాలలేదు. గుర్రపు తోకల వెంట్రుకలతో భారీ కుంచె కట్టి స్టూడియో కప్పు నుంచి వేలాడదీశారు. పొడవాటి కర్ర అడ్డమొస్తోందని కోసేసి, సైకిల్ హ్యాండిల్ బిగించారు. కాన్వాసు నేల మీద పరిచి ఉంటుంది. రంగు తన బరువుకు కిందికి జారుతుంటే ఆమె హ్యాండిల్ పట్టుకుని, ఒంటి బలమంతా పెట్టి కుంచెను నడిపిస్తారు. అడ్డగీతలో నేర్చిన పట్టు లేకపోతే ఆ బరువు ఆమె మాట వినేది కాదు.

2014లో, పేరొచ్చాక, ఆమె న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత విద్యాలయానికి వెళ్లారు. వాద్యకారులు వాయిస్తుంటే ఆ నాదాన్ని అనుసరించి గీతలు వేశారు. చిత్రకళలో చెయ్యి తిరిగిన మనిషి సంగీతం దగ్గర మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.

మీకు అభినందనలు. ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టండి, ప్రదర్శనలకు చిత్రాలు పంపండి. దాంతోపాటు, మీకింకా చేతకాని ఒక పనిని నేర్పగల మనిషి ఎక్కడున్నారో ఈ ఏడాదే వాకబు చేయండి.