పాటతో కూడిక
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

మన కర్నూలు, కడప సీమలలో చెక్కభజన ఎరుగని పల్లె అరుదు. అక్షరము రానివారును తాళము తప్పక అడుగు వేయుదురు. ఆ తాళమునే చిన్నపిల్లల లెక్కలకు తోడు చేసికొనవచ్చునని మీకు మనవి చేయుచున్నాను.

ఇది మనకు క్రొత్త కాదు. పావులూరి మల్లన గణితమును తెలుగు పద్యములలో చెప్పెను. మన తాతలు వీధిబడులలో ఎక్కములను రాగము తీసి వల్లించిరి. పొరుగున నున్న బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్, ఆ బడులలో పిల్లలు ఇసుకలో వ్రేలితో వ్రాయుటను, ముందు నేర్చినవారు తక్కినవారికి నేర్పుటను 1823లో తన నివేదికలో వర్ణించెను.

అయితే వల్లించినంత మాత్రమున లెక్క అర్థము కాదు. 27కు 15 కూడుమనిన 312 అని వ్రాయు పిల్లవాడు మందబుద్ధి కాడు. ఏడును అయిదును పండ్రెండని వాడెరుగును. అందులోని పది ఒకట్లు ఒక పదియై ప్రక్క యింటికి పోవలెనని మాత్రము వానికెవ్వరును చూపలేదు. దీనినే స్థానమార్పిడి యందురు.

దానిని ఇట్లు చూపవచ్చును. నేలపై రెండు వలయములు గీయుడు. ఎడమది పదుల యిల్లు, కుడిది ఒకట్ల యిల్లు. జొన్నదంటు పుల్లలు తెచ్చి, పదేసి నారతో కట్టలు కట్టుడు. 27కు రెండు కట్టలు, ఏడు పుల్లలు. 15కు ఒక కట్ట, అయిదు పుల్లలు. విడి పుల్లలను ఒక్కొక్క చెక్కదెబ్బకు ఒక్కొక్కటిగా పిల్లలు ఎంచుచు పాడవలెను. పదవ దెబ్బకు పాట ఆగును. కట్ట కట్టి, డప్పు ఒకమారు మ్రోగగా, దానిని ఎడమ యింటికి చేర్చవలెను. కుడివైపున రెండు పుల్లలు మిగులును. ఎడమవైపున నాలుగు కట్టలగును. మొత్తము 42. పాట చేతికంటె వేగముగా పోరాదు. పిమ్మట పుల్లలు, పాట మాని, పలకపై అదే లెక్క చేయింపవలెను.

ఆదోని, కోసిగి ప్రాంతములనుండి ఎన్నో కుటుంబములు గుంటూరు మిరప చేలకు వలస పోవుచున్నవి. వారి వెంట పోయిన బిడ్డకు బడి తప్పును. తిరిగి వచ్చునప్పటికి తరగతి ముందుకు సాగియుండును. కాని పాట బిడ్డతో కూడ పోవును. పుల్లలు ఎచ్చటనైనను దొరకును. రేపు కూలిలెక్కలో మోసపోకుండుటకు ఈ కూడికయే వానికి అండ.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యయు కలదు. కావున ఇది మన పనియే. మీ ఊరి చెక్కభజన గురువును వారమున కొకనాడు బడికి పిలువుడు. ఉపాధ్యాయునితో కలిసి కూర్చుండబెట్టుడు. వలసనుండి వచ్చిన బిడ్డలను ముందు వరుసలో నిలుపుడు. దీనికి కావలసినది ధనము కాదు, మీ శ్రద్ధ.