పిక్ ఇచ్చారు, పేరు ఇవ్వలేదు



ఇగో, నా చేతిలో ఉన్నది చూడండి. గిటార్ పిక్. బొటనవేలంత ముక్క. మా కాకా జేబులో దొరికింది.

మేం ప్రధాన్లం. కిక్రి వాయిస్తూ గోండుల పేన్ల కథలు చెప్పడం మా తాతల నుంచి వస్తున్న పని. కిక్రిని విల్లుతో వాయిస్తాం. నిరుడు మా కాకాను ఇదే కృష్ణానగర్‌కు ఒక పాట రికార్డింగ్‌కని పిలిచారు. "విల్లు పక్కన పెట్టు, దీంతో మీటు" అని ఈ పిక్ చేతిలో పెట్టారు. పొద్దుగూకేదాకా మీటాడు. రెండు వేలు ఇచ్చారు, కాయితం లేదు. పాట బయటికొచ్చింది. అందులో కిక్రి మా కాకాదే. పేరు మాత్రం ఎక్కడా లేదు.

పిక్ మీద నాకు కోపం లేదు. సితార్ వాళ్లకు మిజ్రాబ్ ఉంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌ను పిక్‌తోనే మీటి కర్ణాటక కచేరీలో నిలబెట్టాడు. ఒకప్పుడు మంచి పిక్‌లను సముద్రపు తాబేలు డిప్పతో చేసేవాళ్లు. 1922లో న్యూయార్క్‌లో డి'ఆండ్రియా అనే ఆయన సెల్యులాయిడ్‌తో చేయడం మొదలుపెట్టాడు. అప్పట్లో సినిమా రీలు చేసిందీ సెల్యులాయిడ్‌తోనే. అంటే పిక్కూ, సినిమా రీలూ ఒక తల్లి పిల్లలే. మరి మీటిన చెయ్యి ఎవరిది?

చట్టం ఏమంటుందో వినండి. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, వాయించినదాన్ని వ్యాపారానికి వాడుకుంటే వాయించినవాళ్లకు రాయల్టీ రావాలి. కానీ ఒక మెలిక ఉంది. సినిమాలో ఏదో కొంచెం వాయించారు, ఆనవాయితీగా పేరు వెయ్యరు అంటే, రాయల్టీ లెక్కలో వాళ్లను కళాకారులుగానే చూడరు. అందుకే తెర మీద పేరు ముచ్చట కోసం కాదు, హక్కు కోసం.

పేరు వేస్తే ఏమవుతుందో కూడా చూశాం. దక్కలి కళాకారుడు దర్శనం మొగులయ్య గారు పన్నెండు మెట్ల కిన్నెరను ఉత్త వేళ్లతో మీటుతారు. 'భీమ్లా నాయక్' పాటలో ఆయన గొంతూ వినిపించింది, ముఖమూ కనిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. ఊరూరు తిరిగి పాడిన మనిషి పేరు దేశమంతా తెలిసింది. ఒక్కరికి దక్కింది అందరికీ ఎందుకు దక్కొద్దు?

స్టూడియోకు పోయే ప్రతి తమ్ముడికీ, చెల్లికీ మూడే మాటలు. కాయితం లేకుండా తీగ ముట్టొద్దు. ఆ కాయితంలో మీ పేరు, మీ వాద్యం పేరు, తెర మీద పేరు వేస్తామన్న మాట రాయించుకోండి. దాని ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. చదవడం రాని పెద్దల వెంట మనలో ఒకరు పోవాలె.

ఈ పిక్‌ను కాకాకు తిరిగిచ్చేస్తా. ఆయన దీంతో మళ్లీ మీటుతాడో లేదో ఆయన ఇష్టం. ఈసారి మాత్రం పక్కన నేనుంటా.

జై ఆదివాసీ!