చీపురు మారలేదు, గుత్తేదారు మారినాడు
(ప్రతినిధుల శిక్షణ శిబిరమున చేసిన ఉపన్యాసపు పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల శిబిరములో ఒక విశ్వవిద్యాలయపు భవనముల నిర్వహణను గురించి మాట్లాడుట ఎందుకని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. గదులు ఊడ్చుట, నీటి గొట్టములు బాగుచేయుట, విద్యుత్ తీగలు సరిచూచుట, తోటలు పెంచుట ఎక్కడనైనను ఒకే పని. ఆ పనిని గుత్తకిచ్చుటకు చెప్పు సాకులును ఎక్కడనైనను ఒకటే. అందుచేత దూరదేశమున జరిగిన ఒక పోరాటమును ముందుగా చెప్పి, పిదప మన ఇంటి సంగతికి వత్తుము.

అమెరికాలో టెన్నెసీ అను రాష్ట్రము కలదు. 1968లో ఆ రాష్ట్రమందలి మెంఫిస్ నగరమున పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేసిరి. చెత్తబండి యంత్రములో చిక్కి ఇద్దరు కార్మికులు మరణించుట ఆ సమ్మెకు నాంది. ఆ కార్మికులకు అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ అదే నగరమున ఏప్రిల్ 4న హత్యకు గురియైనారు. చీపురు పట్టిన చేతికి గౌరవము కావలెనని రక్తము చిందిన నేల అది.

ఆ రాష్ట్రములోనే 2015లో ఒక పథకము వెలుగులోనికి వచ్చినది. గవర్నరు బిల్ హాస్లమ్ ప్రభుత్వము, విశ్వవిద్యాలయములతో సహా ప్రభుత్వ భవనముల నిర్వహణను ప్రైవేటు సంస్థకు అప్పగింప దలచినది. 2017లో చికాగో కేంద్రముగా గల జోన్స్ లాంగ్ లసాల్ అను సంస్థతో ఒప్పందము కుదిరినది. దానిలో చేరుటయో, మానుటయో ఆయా విశ్వవిద్యాలయ ప్రాంగణముల నిర్ణయమునకు విడిచిరి. వేలాది కార్మికుల ఉద్యోగములు ఈ నిర్ణయముపై ఆధారపడి యుండినవి. విశ్వవిద్యాలయ ఉద్యోగికి పింఛను, వైద్య సౌకర్యము, పిల్లల చదువు రుసుములో రాయితీ ఉండును. ఉద్యోగము గుత్తసంస్థ చేతికి పోయినచో ఇవి నిలుచునను భరోసా ఎక్కడిది?

అక్కడి కార్మికుల చేతిలో ఉన్న ఆయుధములు ఎన్ని? ఆ రాష్ట్రమున విశ్వవిద్యాలయ ఉద్యోగుల సంఘమునకు యాజమాన్యముతో సామూహిక బేరసారముల హక్కు లేదు. అయినను యునైటెడ్ క్యాంపస్ వర్కర్స్ అను సంఘము నిలిచి పోరాడినది. కమ్యూనికేషన్స్ వర్కర్స్ ఆఫ్ అమెరికా దాని మాతృసంఘము, అనగా టెలిఫోను కార్మికుల సంఘము. మన తపాలా, తంతి సోదరులకు దూరపు చుట్టమే. ఆ సంఘములో ఊడ్చువారు, విద్యుత్ పనివారు, గుమాస్తాలు, అధ్యాపకులు ఒకే సభ్యత్వ పుస్తకములో ఉన్నారు. దాని బలమంతయు ఇందులోనే కలదని మేము భావించుచున్నాము.

“టెన్నెసీ అమ్మకమునకు లేదు” అను నినాదముతో వారు ఊరేగింపులు జరిపిరి. ఆదా యగునని చెప్పిన సొమ్ముకు లెక్కలు చూపుమనిరి. విద్యార్థులను, స్థానిక వర్తకులను కలుపుకొనిరి. ఉభయ పక్షముల శాసనసభ్యులును ఆందోళన వ్యక్తము చేయునట్లు ఒత్తిడి తెచ్చిరి. 2017 అక్టోబరు 31న నాక్స్‌విల్ ప్రాంగణపు ఛాన్సలరు బెవర్లీ డావెన్‌పోర్ట్ ఆ ఒప్పందములో చేరబోమని ప్రకటించినారు. తక్కిన ప్రాంగణములును అదే బాట పట్టినవి.

ఈ విజయమును ఎక్కువచేసి చెప్పరాదు. రాష్ట్ర కార్యాలయ భవనముల నిర్వహణ అంతకు పూర్వమే ఆ సంస్థ చేతికి పోయి యుండెను. బేరసారముల హక్కు రాలేదు. కాని చట్టము అండగా లేని చోటను ఐక్యత పనిచేయునని రుజువైనది.

ఇక గుత్త లెక్కను విప్పి చూతము. చీపురు ధర, గొట్టము ధర, తీగ ధర ప్రభుత్వమునకైనను గుత్తేదారునకైనను ఇంచుమించు ఒకటే. గుత్తేదారు దానిపై తన లాభమును కలుపుకొనవలెను. అయినను తక్కువకు పాడినాడనిన, ఆ తగ్గింపు ఎక్కడనుండి వచ్చును? మనుషుల సంఖ్యనుండి, కూలినుండి, సెలవులనుండి, భవిష్యనిధినుండి వచ్చును. పాత భవనములో ఏ గొట్టము ఏ గోడలో పోవుచున్నదో ఇరువది ఏండ్లు పనిచేసిన ఫిట్టరునకు తెలియును. అతనిని పంపివేసిన నాడు ఆ జ్ఞానమును పోవును. దానికి టెండరు కాగితములో గడి లేదు.

మన దేశమున 1970లో కంట్రాక్టు కార్మిక చట్టము వచ్చినది. ఆ చట్టము క్రింద గుత్తపద్ధతిని రద్దుచేసినచో కార్మికులు ప్రధాన యజమాని ఉద్యోగులగుదురని సుప్రీంకోర్టు 1996లో ఎయిర్ ఇండియా కేసులో చెప్పినది. 2001లో ఉక్కు సంస్థ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ మాటను త్రోసిపుచ్చి, అట్టి విలీనము తనంతట జరుగదన్నది. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ పారిశుద్ధ్యము, కాపలా, తోటపని వంటివానిని ముఖ్యకార్యము కానివిగా చట్టమును సవరించినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతి అదే భేదమును దేశమంతటికి విస్తరించినది. ముఖ్యకార్యములో గుత్తపద్ధతి నిషిద్ధమట. పారిశుద్ధ్యము మాత్రము, సంస్థ అందుకొరకే ఏర్పడినదైన తప్ప, ముఖ్యము కాదట! వారము దినములు మరుగుదొడ్డి కడుగని విద్యాలయములో తరగతి నడచునా? ప్లాట్‌ఫారము ఊడ్వని స్టేషను స్టేషనగునా?

సోదరులారా, ఇచ్చట ఆత్మవిమర్శ చేసికొనవలసి యున్నది. ఒక పెద్ద స్టేషనులో సఫాయివాలా ఖాళీలను నింపక, పనిని గుత్తకిచ్చిన నాడు మేము తీర్మానము చేసి ఊరకుంటిమి. మన సభ్యుడెవ్వడును ఉద్యోగము కోల్పోలేదు గదా అని సర్దిచెప్పుకొంటిమి. కొన్ని ఏండ్ల పిదప అదే ప్లాట్‌ఫారముపై ఒక సోదరి మమ్ము ఆపి అడిగినది: “అయ్యా, ముగ్గురు కంట్రాక్టర్లు మారినారు. నా చీపురు మారలేదు, నేనూ మారలేదు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా నేను కొత్తదాన్నే అంటారు. మీ సంఘంలో నాకు చోటుందా?” మా వద్ద సమాధానము లేకపోయినది. 1974 మే 8న మొదలైన మహాసమ్మెలో క్యాజువల్ కార్మికుల క్రమబద్ధీకరణ కోరికను మన జెండాపై వ్రాసికొన్నవారము మనమే. ఆ జెండాను మనమే మడిచి పెట్టితిమి.

కావున మూడు పనులు చేయుదము. ప్రతి శాఖయు తన ఆవరణలోని గుత్త ఒప్పందపు ప్రతిని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద తెప్పించి, కాగితముపై ఎందరున్నారో, నేలపై ఎందరున్నారో సరిచూడవలెను. గుత్తేదారు వేతనమెగవేసినచో ప్రధాన యజమాని చెల్లింపవలెనను నిబంధన 1970 చట్టమునను ఉండెను, నేటి స్మృతియందును కలదు. దానిని అధికారి బల్లపై పెట్టవలెను. అన్నిటికంటె ముందు, ఆ కార్మికులకు మన సభ్యత్వ పుస్తకమును తెరువవలెను. నియమావళి అడ్డమైనచో నియమావళిని సవరింపవలెను.

మరల ఆ స్టేషనుకు వెళ్లినపుడు ఆ సోదరికి చెప్పుటకు మా వద్ద ఒక సమాధానము ఉండవలెను. దానిని ఈ శిబిరము ఇయ్యవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!