ఆస్కాట్ పల్లె ఆడవాళ్లు పదహారుమంది

(కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చట్టం, శ్రామిక స్త్రీలు అనే విషయం మీద మాట్లాడమన్నారు. సెక్షన్ల సంగతి మధ్యాహ్నం లాయరు గారు చెబుతారు. నేను ఒక ఊరి చరిత్ర చెబుతాను. మన ఊరు కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీలో, ఈవెన్‌లోడ్ అనే చిన్న ఏటి పక్కన ఉంది. పేరు ఆస్కాట్-అండర్-విచ్‌వుడ్. నేను ఆ ఊరు చూడలేదు, చదివి తెలుసుకున్నాను. ఇంగ్లండు చరిత్ర అంటే బళ్లో మనకు రాజులూ రాణులే కదా! మనల్ని ఏలిన ఆ దేశంలోనూ కూటికి లేని కూలి జనం ఉన్నారని తెలిసేసరికి నాకు చాలా వయసొచ్చింది.

ఊరు పాతది. నార్మన్ దొరల కాలంలో ఆ చిన్న ఊళ్లోనే రెండు కోటలు లేచాయి. వాటి మట్టి దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరి పేరులో ఉన్న విచ్‌వుడ్ ఒక అడవి. రాజులు వేటాడే అడవే గానీ, చుట్టుపక్కల పేదలకు పొయ్యిలోకి చితుకులు దొరికేవి అక్కడే. 19వ శతాబ్దంలో రెండు దెబ్బలు తగిలాయి. ఉమ్మడిగా సాగయ్యే పొలాలకు, బీళ్లకు చట్టం ప్రకారమే కంచెలు పడ్డాయి. 1850లలో అడవిలో పెద్ద భాగం కొట్టేసి సాగుభూమి చేశారు. ఇక ఆవును మేపుకోవడానికి బీడు లేదు, పుల్ల ఏరుకోవడానికి అడవి లేదు. మిగిలింది కూలి ఒక్కటే. ఆ ప్రాంతపు ఆడవాళ్లు పొలం పని చేస్తూనే ఇంటి దగ్గర తోలు చేతితొడుగులు కుట్టి నాలుగు కాసులు సంపాదించేవారు.

1872లో జోసెఫ్ ఆర్చ్ అనే ఆయన వ్యవసాయ కూలీల జాతీయ సంఘం పెట్టాడు. ఆయనా కంచెలు కత్తిరించే కూలి మనిషే, మెథడిస్టు బోధకుడు కూడా. సంఘం ఊరూరా పాకింది. మరుసటి ఏడు ఆస్కాట్‌లో రాబర్ట్ హ్యాంబిడ్జ్ అనే రైతు పొలంలో కూలి దగ్గర తగాదా వచ్చి మగవాళ్లు పనిలో నుంచి బయటికొచ్చారు. ఆయన రామ్స్‌డెన్ అనే పక్క ఊరి నుంచి ఇద్దరు కుర్రవాళ్లను పనికి తెచ్చుకున్నాడు.

అప్పుడు కదిలారు ఆడవాళ్లు. 1873 మే నెలలో ఆ కుర్రవాళ్లకు అడ్డంపోయి, పనికి వెళ్లొద్దు, సంఘంలో చేరండి అన్నారు. చేతుల్లో కర్రలున్నాయనీ, బెదిరించారనీ ఆరోపణ. ఊళ్లోకి రండి, తాగడానికి ఇప్పిస్తాం అని పిలిచారని కూడా చెబుతారు. కర్ర పట్టుకుని ఎవరైనా తాగుదాం రమ్మంటారా? చివరికి ఆ ఇద్దరూ పోలీసు కాపలాతో పనికి వెళ్లారు.

పదహారుమంది మీద కేసు పెట్టారు. 1871లో వచ్చిన క్రిమినల్ లా అమెండ్‌మెంట్ చట్టం అది. సంఘం పెట్టుకోవడం తప్పు కాదంటూ అదే ఏడు ఒక చట్టం చేసి, పనికి పోయేవాడిని అడ్డగిస్తే జైలు అంటూ దాని పక్కనే ఇంకొకటి చేశారు. చిప్పింగ్ నార్టన్ పట్నంలో విచారణ. తీర్పు చెప్పిన మేజిస్ట్రేట్లు ఇద్దరూ చర్చి పాదిరీలు. ఆ చట్టంలో జరిమానా లేదు, జైలే. ఏడుగురికి పది రోజులు, తొమ్మిదిమందికి వారం రోజులు, అందరికీ కఠిన శిక్ష. ఇద్దరి చంకల్లో పాలు తాగే బిడ్డలున్నారు. ఆ బిడ్డలూ జైలుకు వెళ్లారు.

ఆ రాత్రి చిప్పింగ్ నార్టన్‌లో జనం పోలీసు స్టేషన్ మీద పడ్డారు, అద్దాలు పగిలాయి. చీకట్లోనే ఆడవాళ్లను బండిలో ఎక్కించి ఆక్స్‌ఫర్డ్ జైలుకు తోలుకుపోయారు. ఆరుబయట, చలిలో, బిడ్డలతో. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. పాదిరీలకు న్యాయపీఠం ఎందుకన్న ప్రశ్న దేశమంతా లేచింది.

విడుదలయ్యాక విక్టోరియా రాణి ఒక్కొక్కరికి ఎర్ర లంగా, అయిదు షిల్లింగులు పంపిందని ఒక కథ ఉంది. చాలామంది చెప్పుకునేది ఇదే. నాకీ కథ మీద గురి లేదు. కూలి జనం తమలో తాము 80 పౌన్లు పోగుచేసి ఒక్కొక్కరికి అయిదు పౌన్లు ఇచ్చారు. ఇది జరిగింది. చందా ఇచ్చినవాళ్లు మరుగునపడి, రాణిగారి లంగా నిలబడింది చూశారా!

1875లో ఆ చట్టం రద్దయింది. శాంతియుతంగా పికెటింగ్ చేస్తే నేరం కాకుండా పోయింది. దీని కోసం దేశంలోని సంఘాలన్నీ పోరాడాయి. ఆ పోరాటంలో ఆస్కాట్ ఆడవాళ్ల జైలు ఒక పెద్ద ఉదాహరణ.

నేను అసలు చెప్పదలచుకున్నది ఇక్కడుంది. వాళ్లు ఏ సంఘం కోసం జైలుకు వెళ్లారో ఆ సంఘంలో వాళ్లకు సభ్యత్వం లేదు. అది మగవాళ్ల సంఘం. ఆడవాళ్లు పొలం పని మానేసి ఇంట్లో ఉండాలన్నది ఆర్చ్ అభిప్రాయం. మగవాడికి కూలి పెరిగితే చాలు, ఇల్లు గడుస్తుంది అనేవాడు. మంచివాడే, కూలీల పక్షమే. మన సంఘాల్లోనూ ఇలాంటి మంచివాళ్లు తగులుతుంటారు, మీకు నేను చెప్పక్కర్లేదు.

ఊరి మధ్య పచ్చికలో ఒక చెట్టు చుట్టూ బల్ల వేసి ఆ పదహారుమంది జ్ఞాపకంగా ఉంచారు. వాళ్ల పేర్లలో మాస్ అనే ఇంటిపేరు, ప్రాట్లీ అనే ఇంటిపేరు మళ్లీమళ్లీ వస్తాయి. తోడికోడళ్లు, వదిన మరదళ్లు, ఇరుగుపొరుగు కలిసి వెళ్లారన్నమాట.

1884లో పల్లెల్లోని కూలీలకు ఓటు వచ్చింది, మగవాళ్లకు. ఆడవాళ్లకు 1918లో, అదీ ముప్ఫై ఏళ్లు నిండి, తనకో భర్తకో ఇంత ఆస్తి అర్హత ఉంటేనే. ఆస్కాట్‌లో జైలుకు వెళ్లిన నాడు ఇరవై ఏళ్లున్న పిల్లకు అప్పటికి అరవై అయిదు.